ఎండిన వీధిలో తడిసిన గోడ

మన సంఘంలో ఏటా ధర్మశాస్త్రం చదవడం మొదలైనప్పుడు మీ ముఖాలు చూస్తుంటాను. సృష్టి దగ్గర, జలప్రళయం దగ్గర, సముద్రం రెండు పాయలైన దగ్గర మీ కళ్ళు మెరుస్తాయి. ఇంటి గోడకు పట్టిన తెగులును యాజకుడు ఎలా పరీక్షించాలో చెప్పే అధ్యాయం వచ్చేసరికి వెనక చాపల మీద ఆవులింతలు మొదలవుతాయి. మిమ్మల్ని తప్పుపట్టను. మీ వయసులో నేనూ ఆవులించాను. కానీ తర్వాత నా ఉద్యోగమంతా ఆ అధ్యాయం చుట్టూనే తిరిగింది. మా ఇంటి పొయ్యి దాని మీదే వెలిగింది.

ఆ అధ్యాయంలో నాకు రెండు విషయాలు ఇష్టం. ఇంటి యజమాని వచ్చి తన ఇంట్లో తెగులు ఉందని తేల్చి చెప్పడు. తెగులులాంటిదేదో కనిపిస్తోందని మాత్రమే అంటాడు. ఇక యాజకుడు గడప తొక్కకముందే ఇల్లు ఖాళీ చేయిస్తాడు. మొదటిది నాకు తొందరగానే అర్థమైంది. చూడకముందే తేల్చకూడదు, అంతే. రెండోది ఎందుకన్నది మాత్రం ధర్మవరానికీ బత్తలపల్లికీ నడుమ ఒక ఊళ్ళో, ఒక చేనేత ఇంట్లో గానీ బోధపడలేదు.

అప్పట్లో నేను ఇండ్లు కట్టించే ఒక ఆఫీసులో వర్క్ ఇన్‌స్పెక్టరును. మరమ్మతుల విభాగం నాది. విభాగం అంటే నేను, మా మేస్త్రీ, నా మోపెడ్డు. మేస్త్రీ నాకంటే పెద్దవాడు. గోరింటాకు పెట్టిన గడ్డం, సున్నం తిని గరుకెక్కిన వేళ్ళు. గోడ మీద ఉప్పు పొంగితే వేలితో గీకి నాలుక మీద వేసుకునేవాడు. ఏం తెలిసిందని అడిగితే, "ఉప్పని తెలిసింది సాబ్" అనేవాడు. నా సంచిలో తాపీ, తూకం దారంతో పాటు లేఖనాల పుస్తకం కూడా ఉండేది కాబట్టి ఊళ్ళల్లో నన్ను "పాస్టరయ్యా" అని పిలిచేవాళ్ళు. నేను పాస్టరును కాదని మొదట్లో చెప్పేవాణ్ణి, తర్వాత మానేశాను. ఒకాయన తన గోడ పగులు చూపించి, నయం కావడానికి ప్రార్థన చేయమని అడిగాడు కూడా. చేశాను. తర్వాత పునాది తవ్వాను.

అవి వరుసగా వానలు మొహం చాటేసిన ఏళ్ళు. రెండు వేల సంవత్సరం వచ్చి పోయిన కొత్తలో. నల్లరేగడి ఎండి కుంచించుకుపోతే దాని మీది ఇండ్లు బీటలు వారేవి. మాకు వచ్చే ఫిర్యాదుల్లో ముప్పాతిక వంతు పగుళ్ళే. కారణం వెతక్కుండా పగులులో సిమెంటు కూరడమంటే ఏడ్చే పిల్లవాడి నోరు మూయడమే అనేవాడు మేస్త్రీ. అలాంటి కాలంలో, తాగే నీళ్ళకు ట్యాంకరు కోసం ఎదురుచూసే వీధి నుంచి, "మా గోడ తడిగా ఉంది" అని ఒక ఫిర్యాదు వచ్చింది. ఆఫీసులో అందరూ నవ్వారు. "అదృష్టవంతుడప్పా, ఆ గోడకు కుళాయి బిగించండి" అన్నాడు మా గుమాస్తా.

ఆ ఇల్లు ఒక నేతగాడిది. యాభై దాటిన మనిషి, బక్కగా, మాట తక్కువ. మాటలన్నీ ఆయన భార్యవి. వాళ్ళది గుంట మగ్గం. నేలలో తవ్విన గుంటలోకి కాళ్ళు పెట్టుకుని ఆయన నేసేవాడు, పక్కనే కూర్చుని ఆమె కండెలకు పట్టు చుట్టేది. మగ్గానికి ఆనుకుని ఉన్న గోడ మోకాటి ఎత్తు వరకూ చెమ్మగిలింది. మేము నియమం ప్రకారం వైద్యం చేశాం. పాత సున్నం గీకేసి, నీరు పట్టని మందు కలిపిన సిమెంటు నడుము దాకా పూశాం. ఆయన మా పని చూసి ముచ్చటపడి, దాని మీద ఆకుపచ్చ ఆయిల్ పెయింటు కూడా వేయించుకున్నాడు. అద్దంలా మెరిసింది. మేస్త్రీ దాంట్లో ముఖం చూసుకుని గడ్డం సవరించుకున్నాడు.

మళ్ళీ ఎండాకాలం వచ్చేసరికి తడి ఛాతీ దాకా ఎక్కింది. పెయింటు అంచుకు పైన గీత గీసినట్టుగా పచ్చని మచ్చలు, ఎర్రని మచ్చలు. ఆ అధ్యాయంలో చెప్పిన రంగులే.

"మోకాళ్ళ నొప్పికి మందిస్తిరి, గుండెకు ఎక్కించినారు గదా పాస్టరయ్యా" అంది ఆమె.

నవ్వుతూనే అంది గానీ, అసలు సంగతి నవ్వులాటది కాదు. నేసిన చీరలకు గోడ వైపు అంచులో బూజు మచ్చలు పడుతున్నాయి. పట్టు ఇచ్చే షావుకారు రెండు చీరలు వెనక్కి తోసి, ఇంకొక్కదానికి మచ్చ కనిపిస్తే ఇంటికి పట్టు పంపనన్నాడు. కావాలంటే ధర్మవరంలో తన షెడ్డుకు వచ్చి నేయమన్నాడు. షెడ్డులో ఆయన ఒక్కడికే చోటు. కండెలు చుట్టడానికి అక్కడ వేరే వాళ్ళు ఉన్నారు. పెళ్ళయిన వారం నుంచీ ఒకే గదిలో, ఒకే పట్టు మీద పని చేసిన ఇద్దరు వాళ్ళు.

"గుంట పూడ్చి పోతా సార్" అన్నాడు ఆయన, గోడ వైపు చూస్తూ.

"పూడుస్తాడంట! పూడ్చు, ముందు నన్ను దాంట్లో కూర్చోబెట్టి పూడ్చు" అంది ఆమె. "పాస్టరయ్యా, నీకు సెప్తాండా. ఈ తడి మాది కాదు. ఆ పక్కింటోళ్ళ బాత్రూముది."

పక్కిల్లు ఒక పెద్ద రైతుది. రెండు ఇళ్ళకూ నడుమ గోడ ఒక్కటే. అవతల సరిగ్గా అదే చోట వాళ్ళ బాత్రూము. రైతుకు మెట్ట పొలం, శెనక్కాయల వ్యాపారం, ఆ ఏడు సర్పంచి కావాలన్న ఆశ. "నన్ను గెలిపించండి, ఊరికి నీళ్ళు తెస్తా" అని అప్పటికే ఇల్లిల్లూ తిరుగుతున్నాడు.

నేను ఒక పాలిథిన్ కాగితం తెచ్చి తడి గోడకు నాలుగు అంచులూ బిగించి అతికించాను. చెమట కాగితానికి గది వైపు పడితే నీరు గదిలోని గాలిది, గోడ వైపు పడితే గోడదే. రెండు రోజుల తర్వాత కాగితం ఒలిస్తే గోడ వైపు చుక్కలు బారులు తీరి ఉన్నాయి. ఆమె ఆ కాగితాన్ని నా చేతిలోంచి లాక్కుని, జెండాలా పట్టుకుని పెరట్లోకి పోయింది.

"యాక్కా! ఇదో సూడు! మీ బాత్రూము నీళ్ళు మా గోడలో యెట్ల కారతాండాయో!"

రైతు భార్య పిట్టగోడ మీదుగా తల ఎత్తింది. "ఏమే, మా బాత్రూము నీకేమన్నా అడ్డమొచ్చిందా? స్నానం చేయకుండా ఉండల్లనా మేము?"

"చేసుకో! నా మగ్గం మీద మాత్రం పోయొద్దు!"

"నీ మగ్గం నువ్వు సూసుకో. మా ఇంట్లో నీళ్ళుంటే నీకు కుళ్ళు!"

మేస్త్రీ నా చెవిలో, "సాబ్, మా నమాజూ మీ ప్రార్థనా కలిపినా వీళ్ళను ఆపలేవు" అన్నాడు.

అక్కడితో నా మనసులో తీర్పు అయిపోయింది. నేరస్థుడు దొరికాడు, కాగితం సాక్ష్యం చెప్పింది. బాత్రూము పగలగొట్టి గొట్టాలు మార్చమని రాయడమే మిగిలింది. ఆ ఆదివారం నేను పిల్లలకు పాఠం చెప్పాలి. వరుసలో ఆ రోజు వచ్చింది ఈ అధ్యాయమే. యాజకుడు రాకముందే ఇల్లు ఖాళీ చేయాలి అని చెబుతుంటే, "ఎందుకన్నా?" అని ఒక చిన్నది అడిగింది. సామాన్లు పాడు కాకుండా అన్నాను. పిల్ల ఒప్పుకుంది. నేనే ఒప్పుకోలేకపోయాను. ఇంట్లో ఉన్న వస్తువులే మన కళ్ళకు అడ్డం కదా అని మొదటిసారి అనిపించింది. నేను ఆ రైతు బాత్రూము లోపల ఏముందో చూడనే లేదు. చూడకుండానే తేల్చేశాను.

సోమవారం పొద్దున్నే మేస్త్రీని ఎక్కించుకుని ఆ ఊరికి పోయి, రెండు ఇళ్ళలోనూ గోడకు అటూ ఇటూ ఉన్నదంతా ఖాళీ చేయాలని చెప్పాను. నేతగాడి భార్య మారు మాట్లాడకుండా కండెల బుట్టలు, గూట్లో పటాలు తీసి అరుగు మీద పెట్టింది. రైతు ఇంట్లో మాత్రం కదలిక లేదు.

"ఖాళీ చేయనీకి ఏముంటాది సార్, బాత్రూములో?" అన్నాడు రైతు. "బకెట్టు, చెంబు."

"ఆ రెండే బయట పెట్టండి. నేల తవ్వి చూస్తాం."

"తవ్వాల్నా?" ఆయన భార్య వైపు చూశాడు. ఆమె నేల వైపు చూసింది. "ఇంకో రోజు పెట్టుకుందాం లే సార్. ఈ పొద్దు మంచిది కాదు."

"స్నానానికి కూడా మంచి పొద్దు సూస్తారేమప్పా మీ ఇంట్లో?" అని అరుగు మీది నుంచి నేతగాడి భార్య. అప్పటికే వీధిలో సగం మంది చేరారు. ఓట్లు అడిగిన మనిషి వాళ్ళ ముందు ఎంతసేపు నసుగుతాడు? తాళంచెవి తెచ్చి తీశాడు. బాత్రూముకు తాళమేంటని నేను ఆలోచించేలోపే తలుపు తెరుచుకుంది.

నేల నుంచి కప్పు దాకా శెనక్కాయల మూటలు.

మేస్త్రీ లోపలికి పోయి, అడుగు మూట విప్పి, నాలుగు కాయలు తీసి చెవి దగ్గర ఆడించాడు. గలగలమన్నాయి. ఒలిచి ఒక పప్పు నోట్లో వేసుకుని, "విత్తనం కాయలు సాబ్. ఎండు. ఏ రైతూ తడి చోట విత్తనం పెట్టడు" అన్నాడు. మూటలు తీసి నేల తవ్వితే గడ్డపారకు దుమ్ము లేచింది. తొట్టి అడుగున చీమలు పుట్ట పెట్టుకుని చాలా కాలమైనట్టుంది.

వీధి పగలబడి నవ్వింది. రైతు కండువాతో ముఖం తుడుచుకున్నాడు. చివరికి ఆయన భార్యే నోరు విప్పింది.

"బోరు ఎండిపోయి శానా దినాలైంది సార్. తెల్లారకముందే మా అన్న వాళ్ళ తోట కాడికి పోయి స్నానం చేసి వస్తాండాం. ఈయన ఊరికి నీళ్ళు తెస్తానని తిరుగుతాంటే, ఇంట్లో నీళ్ళు లేవని యెట్ల సెప్పేది? బాత్రూము కారతాంది అంటే, మా ఇంట్లో నీళ్ళుండాయనే గదా ఊరు అనుకునేది. అందుకే కొట్లాడినానే గానీ, కాదని సెప్పలేదు."

అంతవరకూ అందరికంటే గట్టిగా నవ్విన నేతగాడి భార్య ఆ మాటకు ఆగిపోయింది. పోయి ఆమె పక్కన నిలబడింది. "పిచ్చిదానా, నాకు సెప్పింటే నేనేమన్నా ఊరికి దండోరా ఏస్తానా?" అంది. వేసేదే. అయినా ఆ మాట బాగుంది.

నేరస్థుడు నిర్దోషిగా బయటపడ్డాడు. నా చేతిలో తడి గోడ మిగిలింది. వీధిలో ఎవరింట్లోనూ ట్యాంకరు నీళ్ళు తప్ప చుక్క లేదు. మరి గోడకు ఎక్కడిది? ఖాళీ అయిన మగ్గం గదిలోకి మళ్ళీ పోయాం. బుట్టలు, పటాలు, పీటలు ఏవీ లేకపోవడంతో నేల మొత్తం మొదటిసారి కనిపించింది. గుంట చుట్టూ నేల ముదురు రంగులో ఉంది. తడి మరక గుంట దగ్గర మొదలై గోడ దాకా పాకి, అక్కడి నుంచి పైకెక్కింది. మేస్త్రీ గుంటలో దిగి చేయి పెట్టాడు. మట్టి ముద్దలా వచ్చింది.

"అమ్మా, ఈడ నీళ్ళు ఎవరు పోస్తాండారు?" అన్నాడు.

"నేనే" అంది ఆమె, అందులో వింతేముందన్నట్టు. "ట్యాంకరు నీళ్ళే, పొద్దున్నే రెండు బిందెలు. ఎండ ముదిరితే మద్యాన్నం ఇంగొకటి. గాలి ఎండితే పట్టు పోగు తెగుతాది గదా సార్. మా అత్త కూడా పోసేది."

"ఇన్ని బిందెలా?"

"అప్పుడు ఒక చెంబు సాలుతాండె."

"ఎప్పుడు?"

ఆమె ఆలోచించింది. జవాబు ఆమె భర్త ఇచ్చాడు. ఆ పొద్దంతా ఆయన మాట్లాడిన మొదటి మాట. "మిద్దె తీసి స్లాబు ఏసినంక."

మేస్త్రీ చెప్పులు విప్పి నిచ్చెన ఎక్కాడు. ఎక్కినంత వేగంగా దిగాడు. "అల్లా! పెనం సాబ్, పెనం! రొట్టెలు కాల్చుకోవచ్చు!" అరికాళ్ళు పట్టుకుని అరుగు మీద గెంతుతుంటే వీధి పిల్లలు కూడా గెంతారు.

తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, సంగతి ఇదీ. వాళ్ళ పాత ఇంటికి చౌడు మిద్దె ఉండేది. దూలాలు, బండలు, వాటి మీద మూరెడు మట్టి, పైన చౌడు. ఏటా కొత్త చౌడు పోయాలి, వానకు అక్కడక్కడా కారుతుంది. కానీ ఎండను లోపలికి రానివ్వదు. దాన్ని తీసి పలచని స్లాబు వేశారు. గది ఉడికిపోయింది. గాలి ఎండి పోగు తెగడం మొదలైంది. ఆమె బిందెలకు బిందెలు పోసింది. ఆ నీరు నేలలోంచి గోడకెక్కింది. అప్పుడైనా పాత సున్నపు గోడ ఆ తడిని కొంత గాలికి వదిలేసేదే. మేము సిమెంటు, ఆయన పెయింటు వేసి గోడకు నోరు కుట్టేశాం. బయటికి దారిలేక తడి పైపైకి పోయింది. కరువు ముదిరేకొద్దీ ఆమె ఎక్కువ నీళ్ళు పోసింది కాబట్టి, వాన తగ్గేకొద్దీ గోడ తడిసింది. తెగులు గోడకు, మూలం కప్పులో.

"అయితే నీళ్ళు పోసేది మానమంటారు" అంది ఆమె. "మానితే పోగు తెగుతాది. పోగు తెగితే ఈయన షెడ్డుకు పోవల్ల. పోస్తే గోడ తడుస్తాది, పట్టుకు మచ్చ పడతాది. అప్పుడూ షెడ్డుకే. ఏ పక్క తిరిగినా షెడ్డే గదా పాస్టరయ్యా."

"మానొద్దమ్మా" అన్నాను. "ముందు నీ గదికి నీడ వేద్దాం."

మా ఇంజనీరు మంచివాడు. సంగతి వినగానే, మూడు అడుగుల గోడ తడికి పదడుగుల ఎత్తున కప్పు మీద పని చేయాలా అని ఒకసారి నవ్వి, సరే అన్నాడు. కుమ్మరి దగ్గర పనికిరాక పక్కన పడేసిన ముంతలన్నీ బండికెత్తుకొచ్చాం. స్లాబు మీద వాటిని ఒకదాని పక్కన ఒకటి బోర్లించి, సందుల్లో సున్నం, ఇటుక ముక్కలు నింపి, పైన గచ్చు చేశాం. బోర్లించిన ముంతలో నిలిచిన గాలి ఎండను ఆపుతుంది. వీధంతా తమాషా చూసింది. "ఏమప్పా, తిరణాల అంగడి మిద్దె మీద పెడ్తాండారా?" అని అడిగినవాళ్ళే సాయంత్రానికి ఇంట్లో చిల్లి పడిన ముంతలు తెచ్చి ఇచ్చారు. రైతు తన ట్రాక్టరులో సున్నం తోలించాడు, గచ్చు కొట్టడానికి నలుగురు కూలీలను కూడా పంపాడు. ఓట్ల కోసమేనని నేతగాడి భార్య అంది. కావచ్చు. దేవుడు ఓట్లతో కూడా పని చేయించుకోగలడు.

గోడకు మేము పూసిన సిమెంటంతా గీకి, ఉత్త సున్నం పూశాం. గోడ వెంట చిన్న కాలువ తవ్వి కంకర నింపాం, నేల తడి గోడను తాకకుండా. గుంటలో నీళ్ళు పోసే బదులు రెండు వెడల్పు మూకుళ్ళలో తడి ఇసుక పెట్టాం. నా జీవితంలో అంత ఆనందంగా చేసిన పని మరొకటి లేదు. మేస్త్రీ గచ్చు కొడుతూ ఏదో పాట అందుకుంటే, నేను కింద మన కీర్తన అందుకునేవాణ్ణి. రెండూ కలిసేవి కావు. గచ్చు దెబ్బ మాత్రం ఇద్దరికీ ఒకటే.

అయినా నిజం తేలేది మగ్గం మీదే. గోడ ఆరే దాకా ఆగి ఆయన కొత్త పడుగు ఎక్కించాడు. ఆ ఎండాకాలం చివర ఒక పొద్దున, గోడకు మళ్ళీ అతికించి వచ్చిన పాలిథిన్ కాగితం చూద్దామని మేమిద్దరం పోయాం. వీధి మొదట్లోనే మగ్గం చప్పుడు వినిపించింది. ఆగడం లేదు. అంతకుముందు ఆ ఇంట్లో మగ్గం పది సార్లు కొట్టి ఒకసారి ఆగేది. ఆగిందంటే పోగు తెగినట్టే. ఆయన నిట్టూర్పు, ఆమె బిందె చప్పుడు వరుసగా వినిపించేవి.

లోపలికి పోయి కాగితం ఒలిచాను. రెండు వైపులా పొడి. మచ్చలు పోయి గోడ తెల్లగా, కాస్త గరుకుగా ఉంది. ఆయన తల ఎత్తి చిన్నగా నవ్వాడు, చేయి ఆపలేదు. షావుకారు మొదటి చీర రెండు వైపులా తిప్పి చూసుకుని, మారు మాట లేకుండా మళ్ళీ పట్టు ఇచ్చాడని తర్వాత తెలిసింది.

ఆమె గదిలో లేకపోతే పెరట్లోకి పోయాం. అప్పుడే ట్యాంకరు వచ్చి పోయింది. ఆమె పిట్టగోడ దగ్గర నిండు బిందె ఎత్తి అవతలికి అందిస్తోంది.

"తీస్కో అక్కా. ఇన్ని దినాలు నా గోడ తాగింది, ఇంగ మీరు తాగండి."

రైతు భార్య అటూ ఇటూ చూసి బిందె అందుకుంది. "మెల్లగా మాట్లాడే, ఎవరన్నా ఇంటారు. మా ఆయనకు సెప్పినా, ఊరికి నీళ్ళు తెచ్చేది మల్ల సూద్దువు గానీ, ముందు ఇంటికి ఒక బిందె తెచ్చి సూపించప్పా అని."

లోపల మగ్గం టక్కున ఆగింది.

మేస్త్రీ నా వైపు చూశాడు. ఆమె పిట్టగోడ వదిలేసి, కొంగు నడుముకు దోపుకుంటూ పరుగున గది గుమ్మం దాకా వచ్చింది.

"ఏమయ్యా! పోగు తెగిందా?"

"లేదు లేమ్మే" అన్నాడు ఆయన, రెండు చేతులతో పొట్ట పట్టుకుని. "నవ్వు ఆగక ఆపినా."